నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి నడపడం ఎలా?

కావలి, అల్లూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల గట్ల మీద రొయ్యలు కొని శుద్ధి ప్లాంట్లకు పంపే ఇద్దరు భాగస్వాములను ఉదాహరణగా తీసుకుందాం. రైతుకు సొమ్ము వెంటనే ఇవ్వాలి, ప్లాంటు నుంచి రావలసింది మాత్రం నెల దాటినా రాకపోవచ్చు. ఆ మధ్య కాలాన్ని వీరు వడ్డీకి తెచ్చిన డబ్బుతో నెట్టుకొస్తారు. ఒక పెద్ద కొనుగోలుదారు చేతులెత్తేస్తే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఆ అప్పు మొత్తానికి ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులవుతారు, అంటే ఇల్లు, పొలం కూడా అప్పులవాళ్ల చేతికి చిక్కుతాయి. కంపెనీ పెడితే వ్యాపారం చేసేది, అప్పు పడేది, దావా ఎదుర్కొనేది కంపెనీయే. మీరు పోగొట్టుకునేది వాటా కింద పెట్టిన సొమ్ము వరకే. అయితే ఈ రక్షణ రిజిస్ట్రేషన్ పత్రం చేతికి వచ్చినంత మాత్రాన శాశ్వతంగా మీదైపోదు. కంపెనీ డబ్బును, మీ డబ్బును ఎంత శ్రద్ధగా వేరు చేసి ఉంచితే, ఏ కాగితం మీద ఏ హోదాలో సంతకం పెట్టారో ఎంత జాగ్రత్తగా చూసుకుంటే అంతవరకే అది నిలుస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి అడుగునూ ఆ దృష్టితోనే చూడండి.

ముందుగా, కంపెనీ అవసరమా అని తేల్చుకోండి

అప్పు లేకుండా, ఒక్కరే చూసుకుంటూ, సరుకు అరువు ఇవ్వకుండా నడిచే దుకాణానికి కంపెనీ అక్కరలేదు. లాభం వచ్చినా రాకపోయినా ఏటా ఆడిట్, రిజిస్ట్రార్‌కు పత్రాల దాఖలు తప్పవు కాబట్టి ఆ ఖర్చు దండగవుతుంది. అరువు పెద్ద మొత్తాల్లో తిరుగుతున్నప్పుడు, బయటివారి నుంచి పెట్టుబడి తీసుకోవాలనుకున్నప్పుడు, లేదా భాగస్వాముల్లో ఒకరు తప్పుకున్నా వ్యాపారం ఆగకూడదనుకున్నప్పుడు కంపెనీ పెట్టడం సబబు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ యూనిట్ పెట్టేవారికి యంత్రాల మీద పెద్ద రుణం తప్పదు కనుక మొదటి నుంచే కంపెనీగా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

2008 చట్టం కింద నమోదయ్యే ఎల్‌ఎల్‌పీలో, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో కూడా బాధ్యత పరిమితమే. వార్షిక టర్నోవరు 40 లక్షల రూపాయలు గానీ, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గానీ దాటనంతవరకు దానికి ఆ చట్టం కింద ఆడిట్ అవసరం ఉండదు. పన్ను విషయంలో తేడా ఉంది. ఎల్‌ఎల్‌పీ లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు పడతాయి. కొన్ని మినహాయింపులు వదులుకోవడానికి సిద్ధపడిన దేశీయ కంపెనీకి సర్‌చార్జీ, సెస్సుతో కలిపి 25.168 శాతం పడుతుంది. కానీ కంపెనీ లాభాన్ని డివిడెండుగా తీసుకుంటే అది మీ చేతిలో మళ్లీ పన్నుకు గురవుతుంది. అందువల్ల లాభాన్ని వ్యాపారంలోనే తిరిగి పెట్టి పెంచదలచినవారికి కంపెనీ, ఏటికేడు లాభాన్ని పంచుకునేవారికి ఎల్‌ఎల్‌పీ అనుకూలం.

వాటాలు, డైరెక్టర్లు: కాగితాల కంటే ముందు మాట్లాడుకోవలసినవి

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. వారే వీరు కావచ్చు. ఒక్కరే ఉంటే ఏకవ్యక్తి కంపెనీ పెట్టుకోవచ్చు. డైరెక్టర్లలో కనీసం ఒకరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉన్నవారై ఉండాలి. 2015 సవరణతో కనీస మూలధనం నిబంధన తొలగిపోయింది కాబట్టి లక్ష రూపాయలతోనైనా మొదలుపెట్టవచ్చు.

మన ప్రాంతంలో ఎక్కువ కంపెనీలు బంధువుల మధ్యే పుడతాయి. బావ, బావమరిది చెరి సగం రాసుకుంటారు. మొహమాటం కొద్దీ ఇంకేమీ మాట్లాడుకోరు. సగం సగం వాటాలో ఇద్దరికీ మాట కుదరని రోజున ఏ తీర్మానమూ గట్టెక్కదు, కంపెనీ ఉన్నచోటే ఆగిపోతుంది. సాధారణ తీర్మానానికి సగం కంటే ఎక్కువ ఓట్లు, నియమావళి మార్పు వంటి ప్రత్యేక తీర్మానానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అంటే పాతిక శాతానికి మించి వాటా ఉన్నవారు ఏ ప్రత్యేక తీర్మానాన్నైనా ఆపగలరు. ఈ లెక్క తెలిసి వాటాలు పంచుకోండి. వాటా అమ్ముకోదలచినవారు ముందుగా మిగిలిన వాటాదారులకే చూపించాలని, ధర ఎవరు కట్టాలో, ఒకరు మరణిస్తే వారసులకు వాటా దక్కుతుందా లేక మిగిలినవారు కొనుక్కోవాలా అన్నది కంపెనీ నియమావళిలోనే రాయించండి. సిద్ధంగా దొరికే నమూనా నియమావళిపై చదవకుండా సంతకం పెట్టకండి.

రెండో డైరెక్టరుగా ఇంట్లో ఆడవారి పేరు రాయడం మన దగ్గర సర్వసాధారణం. ఆమె నిజంగా వ్యాపారం చూసుకుంటే అంతకంటే మంచి ఏర్పాటు లేదు. లెక్కలు చూపించకుండా, సమావేశానికి పిలవకుండా, సంతకాలు మాత్రమే తీసుకుంటే అది ఆమెకు అన్యాయం, ఎందుకంటే నోటీసు వచ్చిన రోజున చట్టం ఆమెను కూడా మీతో సమానంగా డైరెక్టరుగానే చూస్తుంది. పన్నెండు నెలల పాటు ఒక్క బోర్డు సమావేశానికీ రాని డైరెక్టరు పదవి దానంతటదే పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువు డబ్బు పెడతానంటే, అది ఏ ఖాతా నుంచి, ఏ పద్ధతిలో వస్తుందో ముందే తేల్చుకోవాలి. ప్రవాస భారతీయుడు తిరిగి విదేశానికి తీసుకువెళ్లని పద్ధతిలో పెట్టిన పెట్టుబడిని దేశీయ పెట్టుబడిగానే లెక్కిస్తారు. తిరిగి తీసుకువెళ్లే హక్కుతో పెడితే వాటాలు కేటాయించిన 30 రోజుల్లోగా బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకుకు తెలియజేయాలి.

నమోదు

ఈ పని మొత్తం ఆన్‌లైన్‌లోనే, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో, స్పైస్ ప్లస్ అనే రెండు భాగాల దరఖాస్తు ద్వారా జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం విజయవాడలో ఉన్నా, కొత్త కంపెనీల దరఖాస్తులను పరిశీలించేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర నమోదు కేంద్రం. ముందుగా డైరెక్టర్లకు డిజిటల్ సంతకాలు తీసుకోండి. తరువాత రెండు పేర్లు ఎంచుకుని, వాటిని పోలిన కంపెనీ గానీ ట్రేడ్‌మార్క్ గానీ లేదని పోర్టల్‌లో చూసుకుని, వెయ్యి రూపాయల ఫీజుతో దరఖాస్తు చేయండి. పేరు మంజూరైతే 20 రోజులు మీ కోసం ఉంచుతారు, ఆలోపు రెండో భాగం పూర్తి చేయాలి. పాన్, టాన్ (పన్ను మినహాయించేవారి సంఖ్య), డైరెక్టర్ల గుర్తింపు సంఖ్యలు, బ్యాంకు ఖాతా, పీఎఫ్, ఈఎస్ఐ నమోదులు, కావాలంటే జీఎస్టీ కూడా ఆ ఒక్క దరఖాస్తుతోనే వస్తాయి. పీఎఫ్, ఈఎస్ఐ సంఖ్యలు వచ్చినంత మాత్రాన చందాలు కట్టనక్కరలేదు. సాధారణంగా ఇరవై మంది ఉద్యోగులతో పీఎఫ్, పది మందితో ఈఎస్ఐ వర్తిస్తాయి.

అధీకృత మూలధనం, అంటే కంపెనీ వాటాలు జారీ చేయగల గరిష్ఠ మొత్తం, 15 లక్షల రూపాయల వరకు ఉంటే కేంద్రానికి నమోదు ఫీజు ఉండదు, స్టాంపు డ్యూటీ మాత్రం ఉంటుంది. అందుకని పేరుకు పెద్ద అంకె వేసుకోనవసరం లేదు, తరువాత పెంచుకోవచ్చు.

ఎక్కువ దరఖాస్తులు చిక్కుకునేది రిజిస్టర్డ్ కార్యాలయం దగ్గర. ఇల్లు తాతగారి పేరున, కరెంటు బిల్లు పాత యజమాని పేరున, పన్ను రసీదు మరొకరి పేరున ఉండడం మన ఊళ్లలో మామూలే. రెండు నెలలకు మించని పాత బిల్లు, అందులో ఉన్న యజమాని ఇచ్చిన అంగీకార పత్రం, అద్దె అయితే ఒప్పందం, ఈ మూడింటిలో పేరు, చిరునామా ఒకే విధంగా ఉండాలి. దరఖాస్తుకు నెల ముందే కరెంటు బిల్లు పేరు మార్పించుకోవడం ఉత్తమం.

తొలి ఆరు నెలలు

కంపెనీ పుట్టిన 30 రోజుల్లో మొదటి బోర్డు సమావేశం జరిపి, మొదటి ఆడిటరును నియమించాలి. రెండు నెలల్లో వాటా పత్రాలు ఇవ్వాలి. ప్రతి వాటాదారూ తన వాటా సొమ్మును తన సొంత బ్యాంకు ఖాతా నుంచే కంపెనీ ఖాతాకు పంపాలి. ఒకరే అందరి తరఫునా నగదు జమ చేస్తే ఎవరు ఎంత పెట్టారన్నది తరువాత తగాదాకు దారితీస్తుంది. ఆ సొమ్ము వచ్చిన రుజువుతో 180 రోజుల్లోగా ఐఎన్‌సీ-20ఏ అనే ప్రకటన దాఖలు చేయాలి. అది దాఖలు కానిదే వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. గడువు దాటితే కంపెనీకి 50 వేల రూపాయల జరిమానా, డైరెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష రూపాయల వరకు విడిగా జరిమానా పడతాయి. చాలామంది మరిచిపోయే దాఖలు ఇదే.

కార్యాలయం బయట కంపెనీ పేరు, చిరునామాతో బోర్డు పెట్టాలి. ఇంగ్లీషులో ఉంటే ఆ ప్రాంతపు భాషలో కూడా ఉండాలని చట్టమే చెబుతోంది కాబట్టి తెలుగు బోర్డు కూడా ఉండి తీరాలి. లెటర్‌హెడ్, బిల్లు, నోటీసుల మీద కంపెనీ పూర్తి పేరు, కార్పొరేట్ గుర్తింపు సంఖ్య, చిరునామా, ఫోను, ఈమెయిలు అచ్చు వేయించండి.

కంపెనీ డబ్బు వేరు, మీ డబ్బు వేరు

ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించండి. తెల్లవారుజామున చెరువు మీద రొయ్యల పట్టుబడి జరుగుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కౌంటు ఖాయం చేస్తారు, ట్రేల్లో తూకం వేస్తారు, ధర, బరువు రాసిన చీటీ రైతు చేతికిస్తారు. ఆ చీటీ మీద ఎవరి పేరుంది? మీ పేరు, మీ ఫోను నంబరు మాత్రమే ఉంటే, రైతుతో బేరం చేసుకున్నది మీరే అవుతారు. కంపెనీ ఉన్నా ఆ బాకీ విషయంలో మిమ్మల్ని కాపాడడం కష్టం. చీటీ మీద, బిల్లు మీద, మంచు ఫ్యాక్టరీకి ఇచ్చే ఆర్డరు మీద ప్రైవేట్ లిమిటెడ్ అన్న మాటతో సహా కంపెనీ పేరే ఉండాలి, మీ సంతకం కింద డైరెక్టర్ అన్న హోదా ఉండాలి.

చెల్లింపులకూ ఇదే వర్తిస్తుంది. ప్లాంటు నుంచి వచ్చే సొమ్ము మీ సొంత ఫోన్‌పే నంబరుకు రాకూడదు. కంపెనీ కరెంటు ఖాతాకు అనుసంధానమైన క్యూఆర్ కోడ్ పెట్టించండి. ఇంటి ఖర్చుకు కావలసింది నెలకు ఇంత అని బోర్డు తీర్మానంతో డైరెక్టరు జీతంగా తీసుకోండి. అది కంపెనీకి ఖర్చుగా చెల్లుతుంది. అవసరం వచ్చినప్పుడల్లా కంపెనీ ఖాతా నుంచి వాడుకుని లెక్కల్లో డైరెక్టరుకు అప్పు అని రాయడం ప్రమాదకరం. కంపెనీల చట్టం డైరెక్టర్లకు అప్పులివ్వడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. కొన్ని ప్రైవేట్ కంపెనీలకు షరతులపై మినహాయింపు ఉన్నా, పది శాతం లేదా అంతకు మించి ఓటు హక్కున్న వాటాదారు తీసుకున్న అప్పును ఆదాయపు పన్ను శాఖ డివిడెండుగా భావించి పన్ను వేయగలదు.

ఒక వ్యక్తికి ఒక రోజులో 10 వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన ఖర్చు పన్ను లెక్కలో చెల్లదు. చేపలు, రొయ్యలు పెంచిన రైతుకే నేరుగా ఇచ్చే సొమ్ముకు మినహాయింపు ఉన్నా, మధ్యవర్తికి ఇచ్చేదానికి లేదు. రైతుకైనా బ్యాంకు ద్వారా ఇస్తేనే మీకూ ఆయనకూ రుజువు మిగులుతుంది. 20 వేల రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడం మరింత తప్పు. తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడవచ్చు.

మన ప్రాంతంలో సీజను మొదట్లో తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రాంసరీ నోటు రాసి డబ్బు తేవడం అలవాటు. కంపెనీ పేరున ఇలా చేయకండి. ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోవడంపై కంపెనీల చట్టంలో గట్టి ఆంక్షలున్నాయి. డైరెక్టరు గానీ, డైరెక్టరు దగ్గరి బంధువు గానీ, తాను అప్పు తెచ్చి ఇవ్వడం లేదని రాతపూర్వకంగా తెలిపి ఇస్తే ప్రైవేట్ కంపెనీ తీసుకోవచ్చు. ఊరిలోని పరిచయస్తుల నుంచి వడ్డీకి తీసుకోవడం ఆ మినహాయింపులోకి రాదు.

సంతకం పెట్టే ముందు

బ్యాంకు రుణ మంజూరు పత్రం చేతికి రాగానే అందరూ మొత్తం, వడ్డీ, వాయిదాలు చూస్తారు. మీరు హామీదారులు అన్న చోటు ముందు చదవండి. అక్కడ డైరెక్టర్లందరూ వ్యక్తిగత హోదాలో హామీ ఇవ్వాలని ఒక్క వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం పెట్టిన క్షణం నుంచి, ఆ రుణం మేరకు మీ పరిమిత బాధ్యత లేనట్లే. హామీ లేకుండా చిన్న కంపెనీకి రుణం దొరకడం అరుదు కాబట్టి సంతకం పెట్టవద్దని నేను చెప్పను. హామీ మొత్తానికి పరిమితి అడగండి, వ్యాపారంతో సంబంధం లేని భార్య లేదా తండ్రి సంతకం అవసరం లేదని గట్టిగా అడగండి, ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు నుంచి తప్పించే ప్రయత్నం చేయండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒక పరిమితి వరకు రుణాలకు తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. ఆ పరిమితికి మించిన రుణానికి, చిన్న సంస్థల తరఫున బ్యాంకుకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ పథకం కింద ఇవ్వమని దరఖాస్తులోనే రాయండి. ఆ పథకంలో బయటి ఆస్తుల తాకట్టు, మూడో వ్యక్తి హామీ లేకుండా ఇస్తారు, డైరెక్టర్ల హామీ మాత్రం అడగవచ్చు. మరొక ముఖ్య విషయం, డైరెక్టరు పదవికి రాజీనామా చేసినంత మాత్రాన హామీ రద్దు కాదు. బ్యాంకు నుంచి విడుదల పత్రం రాతపూర్వకంగా తీసుకున్నాకే వాటా చేతులు మార్చండి.

చెక్కుల సంగతీ ఇంతే. కంపెనీ చెక్కు చెల్లకపోతే దానిపై సంతకం చేసిన డైరెక్టరు మీద వ్యక్తిగతంగా క్రిమినల్ కేసు నడుస్తుంది. రెండేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమది. కంపెనీ నుంచి వసూలు కాని ఆదాయపు పన్ను, జీఎస్టీ బకాయిలను కూడా, తమ నిర్లక్ష్యం లేదని నిరూపించుకోలేని ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్ల నుంచి రాబట్టవచ్చు. అందుకే చేతిలో డబ్బు తక్కువగా ఉన్న నెలలో చెల్లింపుల నుంచి మినహాయించిన పన్నును (టీడీఎస్), ఉద్యోగుల పీఎఫ్‌ను ముందు కట్టి, మిగిలినవారితో గడువు మాట్లాడుకోండి.

ఏటా తప్పనిసరి పనులు

చెల్లించిన మూలధనం 10 కోట్ల రూపాయలలోపు, టర్నోవరు 100 కోట్లలోపు ఉంటే మీది చట్టప్రకారం చిన్న కంపెనీయే. దానికి ఏడాదికి రెండు బోర్డు సమావేశాలు చాలు, ఆరు నెలలకొకటి చొప్పున, రెంటి మధ్య కనీసం 90 రోజుల ఎడంతో. సమావేశాన్ని నిజంగా జరపండి. ఎవరెవరు వచ్చారు, ఏ ప్లాంటు నుంచి ఎంత రావాలి, ఏ అప్పుకు అనుమతిచ్చారు అన్నవి మినిట్స్ పుస్తకంలో రాసి అదే వారంలో సంతకాలు చేయండి. ఏడాది చివర ఒకేసారి నింపిన పుస్తకం తగాదా వచ్చినప్పుడు అక్కరకు రాదు.

మార్చి 31తో లెక్కలు ముగించి ఆడిట్ చేయించాలి. వార్షిక సర్వసభ్య సమావేశం మొదటిసారి ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, ఆ తరువాత ఏటా సెప్టెంబరు 30 లోగా జరగాలి. అది జరిగిన 30 రోజుల్లో ఆర్థిక లెక్కల పత్రం ఏవోసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7ఏ దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు వంద రూపాయల అదనపు ఫీజు, దానికి పైపరిమితి లేదు. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ల పాటు అనర్హులవుతారు, వారు డైరెక్టర్లుగా ఉన్న ఇతర కంపెనీలకు కూడా ఇబ్బంది తప్పదు. ఉద్యోగుల జీతం నెలకు 15 వేలు దాటితే రాష్ట్ర వృత్తి పన్ను కూడా మినహాయించి కట్టాలి. పనంతా ఆడిటరు చూసుకుంటారని వదిలేయకుండా, గడువుల పట్టిక మీ గోడ మీదే ఉంచుకోండి.

పెంచడం

పెరుగుదలకు మొదటి ఆధారం రావలసిన బాకీలు సకాలంలో రావడమే. చిన్న సంస్థల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు గానీ సేవాసంస్థకు గానీ కొనుగోలుదారు 45 రోజులకు మించకుండా చెల్లించాలని చిన్న సంస్థల కోసం చేసిన 2006 చట్టం చెబుతోంది, ఆలస్యమైతే చక్రవడ్డీ రావాలి. కేవలం కొని అమ్మే వ్యాపారికి ఈ రక్షణ వర్తించదు. మార్కాపురంలో పలకలు తయారు చేసేవారికి, గ్రానైట్ కోసి పాలిష్ చేసేవారికి ఇది ఉపయోగపడుతుంది. రొయ్యలు కొని పంపే మన ఉదాహరణలోని కంపెనీ ఆ హక్కు పొందాలంటే శుద్ధి చేయడం వంటి పని తానే చేపట్టాలి. 250 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరున్న కొనుగోలు కంపెనీలు, రావలసిన బిల్లులపై ముందే సొమ్ము ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. మీ కొనుగోలుదారు అందులో ఉంటే, ఆయన అంగీకరించిన బిల్లుపై బ్యాంకుల నుంచి ముందే సొమ్ము తెచ్చుకోవచ్చు, కొనుగోలుదారు కట్టకపోయినా బ్యాంకులు ఆ సొమ్ము కోసం మళ్లీ మీ మీదికి రావు.

కొత్త పెట్టుబడి కోసం ముందు ఉన్న వాటాదారులకే కొత్త వాటాలు చూపించండి. బయటివారికి ఇవ్వదలిస్తే పేరుపేరునా ఆహ్వానం పంపాలి, ప్రకటన ఇవ్వకూడదు. వచ్చిన సొమ్ము విడి ఖాతాలో ఉంచి 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి. బ్యాంకుకు కంపెనీ ఆస్తిని తాకట్టు పెడితే 30 రోజుల్లో రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించాలి. నిలదొక్కుకున్న పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకోవడం ఆలస్యం చేయవద్దు; ఉద్యమ్ నమోదున్న చిన్న సంస్థకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, ఇతర కంపెనీలు కట్టేదానిలో సగం.

వ్యాపారం ఆగితే

కొన్నాళ్లు విరామం ఇవ్వదలిస్తే నిద్రాణ కంపెనీ హోదాకు దరఖాస్తు చేసుకోవచ్చు. పూర్తిగా మానేయదలిస్తే బాకీలన్నీ తీర్చి, బ్యాంకు ఖాతా మూసి, పెండింగు దాఖలులు పూర్తి చేసి, 10 వేల రూపాయల ఫీజుతో ఎస్‌టీకే-2 అనే దరఖాస్తు దాఖలు చేసి పేరు కొట్టివేయించుకోవాలి. ఆ ఉత్తర్వు ప్రతిని, బ్యాంకుల నుంచి తీసుకున్న హామీ విడుదల పత్రాలను, చివరి ఎనిమిదేళ్ల లెక్కల పుస్తకాలను డైరెక్టర్లిద్దరూ చెరొక చోట భద్రపరచుకోండి.